సముద్రం నుంచి తిరిగొచ్చే దారి

మొన్న సెలవుల గురించి ఒక వ్యాసం చదివాను. సముద్రం ఉన్న నగరానికి వెళ్తే ఏ ఏరియాలో దిగాలో చెప్పే వ్యాసం. ఇది కుర్రకారుకి, ఇది కొత్త జంటలకి, ఇది పిల్లలున్నవాళ్ళకి, ఇది ప్రశాంతత కోరుకునేవాళ్ళకి అని ఊరిని నాలుగు ముక్కలు చేసి పంచేశారు. చదువుతున్నంతసేపూ బాగానే ఉంది. ముగించాక చూస్తే గది తీసుకోవడానికి పనికొచ్చే మాట ఒక్కటీ మిగల్లేదు. పిల్లలతో వెళ్ళినవాళ్ళకి ప్రశాంతత అక్కర్లేదా? పొద్దున ఆరింటికి ఖాళీ ఇసుక కావాలనుకునే మనిషే రాత్రి తొమ్మిదింటికి దీపాలూ జనమూ ఉన్న వీధి కావాలనుకుంటాడు. మనుషుల్ని రకాలుగా విడగొట్టి ఏరియాలు పంచడం కన్నా, మన రోజుని గంటలుగా విడగొట్టి చూసుకోవడం మేలు. అందులోనూ ఒక్క గంట గురించి గట్టిగా ఆలోచిస్తే చాలా వరకు తేలిపోతుంది. సముద్రం నుంచి గదికి తిరిగొచ్చే గంట అది.

బీచ్ ఎంత దూరం అని అందరూ అడుగుతారు. ఆ దూరాన్ని వెళ్ళేటప్పటి ఉత్సాహంతో కొలుచుకుంటారు. వచ్చేటప్పటి ఒంటితో కొలవాలన్నది నా వాదన.

వెళ్ళడం వేరు, రావడం వేరు

వెళ్ళేటప్పుడు ఒళ్ళు పొడిగా ఉంటుంది, కడుపు నిండి ఉంటుంది, పిల్లలు ముందు పరిగెడుతుంటారు. అరగంట ట్రామ్‌లో నిలబడి వెళ్ళినా ఎవరికీ పట్టదు. తిరిగొచ్చేటప్పుడు అదే దారి ఇంకోలా ఉంటుంది. తడి బట్టలు, చెప్పుల్లో ఇసుక, ఉప్పుకి చురచురలాడే చర్మం, ఆకలి. చిన్నపిల్ల భుజం మీద నిద్రపోయి ఉంటుంది. నీళ్ళలో గంటసేపు ఆడితే వచ్చే అలసట అక్కడ ఉన్నంతసేపూ తెలియదు, ఒడ్డుకొచ్చి నడవడం మొదలుపెట్టాకే కాళ్ళు చెప్తాయి.

ఒకసారి సముద్రం పక్కన ఒక ట్రామ్ స్టాప్‌లో నిలబడి ఉండగా ఒక కుటుంబాన్ని చూశాను. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, ఒక తోపుడు బండి. వచ్చిన ట్రామ్ నిండుగా ఉంది, బండి ఎక్కలేదు. తరవాతదీ అంతే. పెద్దపిల్లాడు తువ్వాలు చుట్టుకుని వణుకుతున్నాడు, చిన్నది ఇసుక గుచ్చుకుంటోందని ఏడుస్తోంది. తండ్రి ఫోన్‌లో టాక్సీ కోసం చూస్తున్నాడు గానీ, తడిసిన నలుగురిని సీట్ల మీద కూర్చోనిచ్చే డ్రైవర్ దొరకాలి కదా. ఆ తల్లి అన్న మాట భాష తెలియకపోయినా నాకు అర్థమైంది. రేపు వద్దులే అని ఉంటుంది. ఆ ముఖంలో అంతకన్నా వేరే మాట ఉండే అవకాశం లేదు.

తిరుగు దారి చేసే నష్టం ఇదే. అది ఎవరికీ ఫిర్యాదులా వినిపించదు. మా అత్తయ్యతో కలిసి ఒక సముద్రతీర నగరానికి వెళ్ళినప్పుడు గది కొండ వాలులో దొరికింది. కిందికి మెట్లు దిగితే నీళ్ళు. మొదటి రోజు ఆవిడ హుషారుగా దిగారు. పైకి వచ్చేటప్పుడు మెట్ల మధ్యలో కూర్చుని, "మీరు పదండమ్మా, నేను మెల్లగా వస్తా" అన్నారు. మర్నాడు పొద్దున, "నేను గదిలోనే ఉంటాలే, మీరెళ్ళి రండి, నాకిక్కడ బాగానే ఉంది" అన్నారు. బాగాలేదని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. రావడం మానేశారంతే. పెద్దవాళ్ళు ఇలాగే మానేస్తారు. పిల్లలైతే మొండికేస్తారు, వాళ్ళ సంగతి కనీసం మనకి తెలుస్తుంది.

మధ్యాహ్నం ఎక్కడ గడుపుతాం?

ఈ తిరుగు దారికి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే సముద్రం దగ్గర రోజు రెండుగా విడిపోతుంది. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా అతినీలలోహిత కిరణాలు తీవ్రంగా ఉంటాయి, ఆ వేళలో ఎండలో తక్కువసేపు ఉండమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. గొడుగు కింద కూర్చుంటే సరిపోదా అంటే పూర్తిగా సరిపోదు. పొడి ఇసుక ఆ కిరణాల్లో దాదాపు 15 శాతాన్ని, సముద్రపు నురగ 25 శాతాన్ని తిప్పికొడతాయి. అంటే పై నుంచి నీడ ఉన్నా పక్కల నుంచి తగులుతూనే ఉంటుంది.

కాబట్టి సముద్రాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడటమే ఒంటికీ మంచిది, కంటికీ మంచిది. మధ్యలో గదికొచ్చి, స్నానం చేసి, తిని, ఒక కునుకు తీసి మళ్ళీ వెళ్ళాలి. గది పది నిమిషాల నడకలో ఉంటే ఇది దానంతటదే జరుగుతుంది, ఎవరూ ప్లాన్ చేయక్కర్లేదు. గది ముప్పావుగంట దూరంలో ఉంటే రోజుకి రెండుసార్లు వెళ్ళి రావడమంటే మూడు గంటల ప్రయాణం. అంత ఎవరూ చేయరు. ఒక్కసారే వెళ్దాంలే అనుకుంటారు. పొద్దున తయారై బయల్దేరి పదకొండింటికి చేరతారు, ఇంత దూరం వచ్చాం కదా అని మూడింటి దాకా ఉంటారు. సరిగ్గా ఏ వేళలో ఉండకూడదో ఆ వేళంతా అక్కడే గడిచిపోతుంది. ఒళ్ళు కాలి, తలనొప్పితో తిరిగొచ్చి, సాయంత్రం చల్లబడి సముద్రం అందంగా మారే సమయానికి గదిలో పడుకుని ఉంటారు.

దూరంగా గది తీసుకుంటే డబ్బు మిగులుతుందని చెప్పేవాళ్ళు ఈ సాయంత్రాల లెక్క వేయరు. నిజంగా డబ్బు మిగలచ్చు, అది చిన్న విషయమేమీ కాదు. అయితే మిగిలిన డబ్బుతో పాటు పోగొట్టుకున్నదేమిటో తెలిసి ఎంచుకోవాలి.

మ్యాప్‌లో కనిపించే దగ్గర

హోటల్ పేజీలో బీచ్‌కి నాలుగు వందల మీటర్లు అని రాస్తారు. అది చాలా సార్లు గాల్లో గీసిన గీత. ఆ గీత కింద ఏముందో చూడాలి. హవాయి దీవుల్లోని హొనొలులులో వైకీకీ బీచ్‌కి వెనక వైపున 'అలా వాయ్' అనే కాలవ ఉంది. 1920ల్లో అక్కడి చిత్తడి నేలల్ని ఆరబెట్టడానికి తవ్వించారు. కాలవకి అవతలి ఒడ్డున గది తీసుకుంటే మ్యాప్‌లో సముద్రం పక్కనే ఉన్నట్టు ఉంటుంది. వంతెనలన్నీ కాలవకి ఒక చివరే ఉన్నాయి. మధ్యలో దాటడానికి దారి లేదు, చుట్టూ తిరిగి రావాలి. కొన్ని ఊళ్ళలో కాలవ బదులు రైలు పట్టాలుంటాయి, ఆరు లైన్ల రోడ్డుంటుంది.

కేప్‌టౌన్‌లో క్లిఫ్టన్ ఇంకో రకం. నాలుగు చిన్న చిన్న తెల్లటి బీచ్‌లు, వాటి వెనక నిటారుగా కొండ, దిగడానికి మెట్లు. వేసవిలో ఆ ఊరిని ఊపేసే ఆగ్నేయపు గాలి నుంచి కొండే దానికి అడ్డు. పక్కనే ఉన్న క్యాంప్స్ బేలో ఇసుక ముఖాన కొడుతున్న రోజున కూడా క్లిఫ్టన్‌లో హాయిగా కూర్చోవచ్చు. నీళ్ళు మాత్రం రెండుచోట్లా గడ్డకట్టించేంత చల్లన. ఆ అట్లాంటిక్ తీరం వెంబడి పారే బెంగ్వేలా అనే చల్లటి ప్రవాహం వల్ల నడి వేసవిలో కూడా మోకాలి లోతు దాటి వెళ్ళడానికి ధైర్యం కావాలి. పిల్లలు నీళ్ళలో ఆడాలంటే అదే నగరానికి అవతలి వైపున్న ఫాల్స్ బే నయం. అక్కడ మ్యూజెన్‌బర్గ్‌లో నీళ్ళు కొంచెం వెచ్చగా ఉంటాయి, ఒడ్డు చదునుగా ఉంటుంది, రైలు స్టేషన్ దగ్గరే ఉంటుంది. ఒకే ఊరు, రెండు వేరే సముద్రాలు అన్నట్టు ఉంటుంది. క్యాంప్స్ బే ఫొటోలు చూసి గది తీసుకున్నవాళ్ళు ఆ ఫొటోలో గాలీ చలీ కనిపించవని అక్కడికెళ్ళాకే తెలుసుకుంటారు.

ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది సిడ్నీలోని బోండై. బీచ్ మొత్తం కిలోమీటరు పొడవు. దానికి రైలు లేదు. బోండై జంక్షన్ స్టేషన్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. ఆ బస్సులు ముందుగా ఆగే వైపు, అంటే దక్షిణపు చివర, ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. బస్సు దిగిన పర్యాటకులు కనిపించిన మొదటి నీళ్ళలోకే దిగి కొట్టుకుపోతుంటారు కాబట్టి దానికి బ్యాక్‌ప్యాకర్స్ రిప్ అనే పేరు పడింది. ఎరుపు, పసుపు జెండాల మధ్యే ఈదాలన్నది అక్కడి నియమం. ఆ జెండాలు ఎక్కడున్నాయో చూసి అక్కడి దాకా నడవాలి. ఉత్తరపు చివర నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, పిల్లల కోసం చిన్న కొలను కూడా ఉంది. కిలోమీటరు బీచ్‌కి ఈ చివర గది తీసుకోవాలా ఆ చివర తీసుకోవాలా అన్నది పెద్ద తేడాగా కనిపించకపోవచ్చు. కానీ అలసిన మనిషి దగ్గర్లో ఉన్న నీళ్ళలోకే దిగుతాడు. ఎవరో నియమం పెట్టారు కదా అని రోజూ కిలోమీటరు నడిచే ఓపిక సెలవుల్లో ఎవరికీ ఉండదు. అందుకే పిల్లలతో వెళ్ళేవాళ్ళకి నేను బోండై అని చెప్పను, ఉత్తర బోండై అని చెప్తాను.

తడి బట్టలతో నడిచి రావడం కొన్నిచోట్ల చట్టానికి కూడా సంబంధించిన సంగతి. బార్సిలోనాలో 2011 నుంచి ఈత దుస్తులతో బీచ్, దాన్ని ఆనుకున్న వీధులు దాటి ఊళ్ళో తిరిగితే జరిమానా. చట్టం లేని ఊళ్ళో కూడా ఆఫీసులకి వెళ్ళేవాళ్ళ మధ్య నుంచి తువ్వాలు చుట్టుకుని నడవడం, ముఖ్యంగా ఆడవాళ్ళకి, సుఖంగా ఉండదు. బీచ్ పక్క వీధుల్లో నడిస్తే ఎవరూ తల తిప్పి చూడరు.

ముందు వరసా, వెనక వీధా?

ఇంత చెప్పాక, అయితే సముద్రానికి ఎదురుగానే గది తీసుకోమంటున్నావా అని అడుగుతారు. నా స్నేహితుడొకడు అదే పట్టుబడతాడు. "పొద్దున కిటికీ తీస్తే సముద్రం కనపడాలిరా, లేకపోతే అంత దూరం వెళ్ళడం దేనికి?" అంటాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. కానీ సముద్రం కనిపించడం, సముద్రం చేరువలో ఉండటం రెండూ ఒకటి కావు. వాడు ఆ గదిలో పగలు గడిపేది ఎంతసేపు? కర్టెన్లు మూసి నిద్రపోయే గంటలకే ఎక్కువ డబ్బు కడుతున్నాడు. ముందు రోడ్డు మీద రాత్రి ఒంటిగంట దాకా సాగే సంగీతం, హారన్లు కూడా అందులో భాగమే.

బ్రెజిల్‌లో రియో నగరంలోని కోపకబానా బీచ్‌ని చూడండి. సముద్రానికి ఆనుకుని అవెనీడా అట్లాంటికా, దాని వెనక నోసా సెన్యోరా జి కోపకబానా, ఆ వెనక బరాటా రిబేరో. మూడు రోడ్లు, ఆ తరవాత కొండలు. సముద్రానికీ కొండలకీ మధ్య ఇరుకైన ఆ పట్టీలో లక్ష మందికి పైగా జనం కాపురం ఉంటారు. మందుల షాపు, కూరగాయలు, బట్టలుతికే చోటు, బడికెళ్ళే పిల్లలు, మెట్రో స్టేషన్లు అన్నీ రెండో రోడ్డు నుంచి మొదలవుతాయి. రెండో రోడ్డులోనో మూడో రోడ్డులోనో దిగితే అదే సముద్రం అయిదారు నిమిషాల నడక. తడి బట్టలతో ఆ అయిదు నిమిషాలు ఏ లెక్కలోకీ రావు. ఆదివారాల్లో ముందు రోడ్డు సముద్రం వైపు సగం వాహనాలకి మూసేస్తారు, ఊరంతా అక్కడే నడుస్తుంది.

అదే రియోలో బార్రా డ తిజూకా ఉంది. ఇసుక విశాలంగా ఉంటుంది, జనం పలచగా ఉంటారు. అయితే 1969లో లూసియో కోస్టా అనే వాస్తుశిల్పి వేసిన ప్లాన్ ప్రకారం పెరిగిన ప్రాంతం అది. పెద్ద పెద్ద రోడ్లు, గోడల వెనక అపార్ట్‌మెంట్లు, దేనికైనా కారే. 2016 ఒలింపిక్స్‌కి మెట్రో బార్రా అంచు దాకా వచ్చినా లోపల తిరగడానికి కాళ్ళు చాలవు. మ్యాప్ మీద బార్రా అందమైన బీచ్. అక్కడ దిగితే రోజంతా పార్కింగ్ గురించే ఆలోచించాలి.

ఒక మినహాయింపు ఉంది, దాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. నడవలేని మనిషి వెంట ఉంటే ముందు వరస గదే సరైనది. మా అత్తయ్యలాంటివాళ్ళకి బాల్కనీలో కుర్చీయే బీచ్. ఆవిడ అక్కడ కూర్చుని పడవలు చూస్తూ, కింద మనవలు ఇసుకలో ఆడుతుంటే చెయ్యి ఊపగలిగితే ఆ సెలవు ఆవిడది కూడా అవుతుంది. అప్పుడు సీ వ్యూకి కట్టే ఎక్కువ డబ్బు విలాసం కాదు. ఇంట్లో అందరిలోకీ తక్కువ నడిచేవాళ్ళెవరో వాళ్ళ కాళ్ళతోనే దూరం కొలవాలి.

రాత్రి సంగతి కూడా తిరుగు దారిలోనే వస్తుంది. భోజనం అయ్యాక గదికి నడిచే వీధిలో దీపాలున్నాయా, షాపులు తెరిచి ఉంటాయా అన్నది ముందే చూసుకోవాలి. చీకటి పడ్డాక రియోలో ఇసుక మీద నడవద్దని అక్కడివాళ్ళే చెప్తారు. వీధి ఫొటోలు చూపించే మ్యాప్‌లు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. నేను గది ఫొటోల కన్నా వాటినే ఎక్కువసేపు చూస్తాను. బీచ్ నుంచి మొదలుపెట్టి గది దాకా ఒక్కో అడుగూ వెనక్కి నడుచుకుంటూ వస్తాను. ఫుట్‌పాత్ ఎక్కడ ఆగిపోతుందో, చెట్ల నీడ ఉందో లేదో, రోడ్డు దాటడానికి సిగ్నల్ ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఊరి మధ్యలో ఉంటే తప్పా?

తప్పేమీ కాదు. సముద్రం మీ సెలవుకి కారణమా, లేక ఆ ఊళ్ళో ఉన్న అనేక వాటిలో ఒకటా అన్నది ముందు తేల్చుకోవాలి. స్పెయిన్‌లోని వాలెన్సియాలో పాత ఊరికీ బీచ్‌కీ మధ్య నాలుగైదు కిలోమీటర్లుంటుంది. పాత గుళ్ళూ మార్కెట్లూ చూడటానికి వెళ్ళి, ఒక మధ్యాహ్నం పాదాలు తడుపుకుని వచ్చేవాళ్ళు పాత ఊళ్ళో దిగడమే న్యాయం. రోజూ ఈదాలనుకునేవాళ్ళు సముద్రం పక్కనున్న కబాన్యాల్‌లో దిగి, ఊరు చూడటానికి ట్రామో మెట్రోనో ఎక్కాలి. పొడి బట్టలతో చేసే ప్రయాణం ఎంత దూరమైనా ఫరవాలేదు. ఫ్రాన్స్‌లోని నీస్‌లో అయితే ఈ చిక్కే లేదు, పాత ఊరు సముద్రాన్ని ఆనుకునే ఉంది. అక్కడ ఒడ్డంతా గులకరాళ్ళు, దానికి తగ్గ చెప్పులు కావాలి, అంతే.

నా వాదన పనిచేయని కాలం ఒకటుంది. చలికాలంలో మధ్యధరా తీరపు ఊళ్ళలో బీచ్ పక్క ఏరియాల్లో సగం షాపులకి షట్టర్లు దించి ఉంటాయి. ఈదేవాళ్ళు లేనప్పుడు తడి బట్టల తిరుగు దారే ఉండదు. అప్పుడు జనం మసిలే ఊరి మధ్యలో ఉండటమే సుఖం.

ఆ వీధుల్లో కాపురం ఉండేవాళ్ళు

ఇక్కడి దాకా రాసింది నాకు గట్టిగా తెలిసిన సంగతి. ఇక ముందు రాసేది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న. రెండో మూడో వీధిలో దిగమని చెప్తున్నాను. ఆ వీధి బాగుండటానికి కారణం అక్కడ జనం కాపురం ఉండటమే. నాలాంటివాళ్ళందరూ అక్కడే దిగితే వాళ్ళెక్కడికి పోవాలి?

బార్సిలోనాలో సముద్రం పక్కనున్న బార్సెలోనెటా అనే పేటని 1753లో కట్టడం మొదలుపెట్టారు. పక్కనే కోట కట్టడానికి ఇళ్ళు కూలగొట్టినప్పుడు నిలవ నీడ లేకుండా పోయినవాళ్ళ కోసం. తరవాత జాలర్లు, రేవు కూలీలు అక్కడ బతికారు. ఒక్కో చిన్న ఇంటినీ నాలుగు వాటాలు చేసుకున్నారు, ఒక్కో వాటా ముప్పై చదరపు మీటర్ల చుట్టుపక్కల. 1992 ఒలింపిక్స్‌కి తీరమంతా బాగుచేశాక ఆ బుల్లి వాటాలు పర్యాటకులకి ముద్దొచ్చాయి. సముద్రానికి మూడు నిమిషాలు, తిరుగు దారి అంతకన్నా బాగుండదు. 2014 ఆగస్టులో అక్కడి జనం వీధుల్లోకొచ్చారు. పైవాటాలో వారానికో కొత్త గుంపు దిగి రాత్రంతా గోల చేస్తుంటే నిద్రపోయేదెలా, అద్దెలు ఇలా పెరిగితే బతికేదెలా అని అడిగారు. పర్యాటకులకి ఇచ్చే పదివేల పైచిలుకు ఫ్లాట్ల లైసెన్సుల్ని 2028 నవంబర్ తరవాత కొనసాగించబోమని 2024 జూన్‌లో ఆ నగర మేయర్ ప్రకటించారు.

అయితే అందరూ హోటళ్ళున్న ముందు వరసకే పరిమితం కావాలా? అలా చేస్తే ఊరికి ఒక గోడ కట్టినట్టవుతుంది, ఇటు పర్యాటకులు, అటు ఊరివాళ్ళు. అదీ నాకు నచ్చదు. ఒక కుటుంబం కాపురం ఉండగలిగిన ఫ్లాట్‌ని వారానికి అద్దెకి తీసుకోవడం, అదే వీధిలో ఎప్పటినుంచో ఉన్న చిన్న హోటల్లో దిగడం ఒకటే కాదని మాత్రం నాకు తోస్తుంది. మొదటిదాని వల్ల ఒక ఇల్లు తగ్గుతుంది, రెండోదాని వల్ల తగ్గదు. వంటగది ఉన్న ఫ్లాట్ పిల్లలున్నవాళ్ళకి ఎంత సదుపాయమో నాకు తెలుసు, పసిపిల్లలకి పాలు కాచాల్సిన వాళ్ళని హోటల్‌కి పొమ్మని చెప్పే హక్కు నాకు లేదు. లైసెన్సు నంబరు చూసి తీసుకుంటే సరిపోతుందా అంటే, బార్సెలోనెటాలో పైవాటా గోల భరించినవాళ్ళకి అది లైసెన్సు ఉన్నదా లేనిదా అన్న తేడా రాత్రి రెండింటికి తెలియదు కదా. ప్రస్తుతానికి నేను చేసేది ఇంతే. తిరుగు దారి బాగున్న వీధిని ఎంచుకున్నాక, ఆ వీధిలో ముందు చిన్న హోటళ్ళ కోసం వెతుకుతాను. దొరక్కపోతే ఒక వీధి వెనక్కి జరుగుతాను, నడక ఇంకో మూడు నిమిషాలు పెరిగినా సరే.